చుక్కల లెక్క

జనగామ, మానుకోట, భూపాలపల్లి. 2016 అక్టోబర్‌లో జిల్లా కేంద్రాలయ్యేదాకా ఈ మూడూ వరంగల్ జిల్లా ఊళ్లే. కాగితాల మీద మహబూబాబాద్ అని రాసినా మా నోటికి మానుకోట అనే వస్తుంది. నా కొలువంతా ఈ చుట్టుపక్కల డిగ్రీ కాలేజీల కెమిస్ట్రీ ల్యాబుల్లోనే నడిచింది. ఇప్పుడు కొత్తగా చేరిన లెక్చరర్లు, ఎమ్మెస్సీ చదివే పిల్లలు ఇంటికొచ్చి అడిగే ప్రశ్న ఒకటుంది: "సార్, డిస్టిలేషన్ పుస్తకంలో రెండు పేజీలే కదా, బల్ల మీద ఎందుకు కుదరదు?" కుదరకపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ తొందరే. మంట పెట్టడం ఎవరికైనా వస్తుంది. ఆవిరిని ఎంత నిదానంగా పోనివ్వాలో తెలియడమే ఈ పనిలో విద్య. నాకు తెలిసినంత వరుసగా రాస్తున్నాను.

1. సామాన్లు బిగించే ముందే ఏ స్వేదనం కావాలో తేల్చుకోండి.

ఇంటర్ పుస్తకంలో క్లోరోఫాం, అనిలిన్ ఉదాహరణ ఉంటుంది. ఒకటి 61 డిగ్రీల దగ్గర, ఇంకొకటి 184 దగ్గర మరుగుతాయి. ఇంత ఎడం ఉంటే సాధారణ స్వేదనం చాలు. ఉప్పు కరిగిన నీళ్లయినా అంతే, ఉప్పు పైకి రాదు కాబట్టి. బెంజీన్ 80, టొల్వీన్ 110 అయితే సాధారణ స్వేదనంలో వచ్చేది మళ్లీ మిశ్రమమే. తేడా 25 డిగ్రీల లోపుంటే అంశిక స్వేదనం చేయాలని పుస్తకాలు అంటాయి. నా అనుభవంలో 70 డిగ్రీలకు తక్కువ తేడా ఉండి, శుద్ధమైన పదార్థం కావాలంటే కాలమ్ పెట్టుకోవడమే మంచిది. కాలమ్ పెట్టినందుకు అరగంట ఎక్కువ పడుతుంది. పెట్టకపోతే ఆ మిశ్రమాన్ని మొదటినుంచీ మళ్లీ చేయాల్సి వస్తుంది.

2. థర్మామీటర్ బల్బు ఎక్కడుందో వంగి చూడండి.

పక్కగొట్టం మొదలయ్యే చోట కింది అంచుకు బల్బు పైభాగం సరిగ్గా సమానంగా ఉండాలి. బల్బు ఇంకా పైన ఉంటే కండెన్సర్‌లోకి తిరిగే ఆవిరి దాన్ని పూర్తిగా తడపదు, రీడింగ్ తక్కువ చూపిస్తుంది. మరీ కిందికి దిగితే మరిగే ద్రవం తుంపర్లు తగిలి ఎక్కువ చూపిస్తుంది. బల్బు మీద ఎప్పుడూ ఒక చుక్క వేలాడుతుండాలి. ఆ చుక్క ఉందంటే ద్రవం, ఆవిరి రెండూ ఒకే ఉష్ణోగ్రతలో ఉన్నాయని అర్థం. పిల్లలు రీడింగును నమ్ముతారు గానీ ఆ చుక్క వైపు చూడరు.

కుప్పె సగానికి మించి, మహా అయితే మూడింట రెండు వంతులకు మించి నింపకండి. కండెన్సర్‌లోకి నీళ్లు కింది నుంచి ఎక్కి పైనుంచి దిగాలి, లేకపోతే జాకెట్ నిండదు. 140 డిగ్రీలు దాటి మరిగేదానికి నీళ్ల కండెన్సర్ పెడితే గాజు పగలవచ్చు. అక్కడ ఎయిర్ కండెన్సర్ వాడండి. ఒక్క సంగతి మాత్రం ఎన్నిసార్లు చెప్పినా తక్కువే: అమరిక ఎక్కడో ఒకచోట గాలికి తెరిచి ఉండాలి. అన్ని కీళ్లూ బిగించి, చివర కూడా కార్కు పెట్టి మంట వెలిగిస్తే అది బాంబే.

3. కుండ పెంకు ముక్కలు చల్లగా ఉన్నప్పుడే వేయండి.

నున్నటి గాజు కుప్పెలో ద్రవం మరుగు స్థానం దాటినా మరగకుండా ఊరుకుంటుంది, తర్వాత ఒక్కసారిగా ఎగిసి కండెన్సర్‌లోకి దూకుతుంది. రంధ్రాలున్న పింగాణీ ముక్కలో గాలి ఇరుక్కుని ఉంటుంది కాబట్టి బుడగలు అక్కడినుంచి నెమ్మదిగా పుడతాయి. కొన్న ముక్కలు అయిపోతే మా ల్యాబుల్లో మెరుగు లేని కుండ పెంకులనే దంచి, కడిగి, ఎండబెట్టి వాడేవాళ్లం. బాగా పనిచేసేవి. వేయడం మరిచిపోయామని సగంలో గుర్తొస్తే మంట తీసి, ద్రవం చల్లారేదాకా ఆగండి. వేడి ద్రవంలో వేస్తే కుప్పె మూతి నుంచి అంతా పైకి చిమ్ముతుంది. ఒకసారి చల్లారిన ముక్క రంధ్రాల్లోకి ద్రవం చేరుతుంది, అది రెండోసారి పనికిరాదు. మళ్లీ మరిగించాలంటే కొత్త ముక్క వేయాల్సిందే.

4. ఎండాకాలంలో ఈథర్ జోలికి పోకండి. పోవాల్సి వస్తే ఐసుతో పోండి.

పుస్తకం రాసిన వాళ్ల ఊళ్లో కొళాయి నీళ్లు చల్లగా ఉంటాయి. ఈథర్ మరుగు స్థానం 34.6 డిగ్రీలు. ఏప్రిల్, మే నెలల్లో జనగామలో మేడ మీద ట్యాంకు నీళ్లు అంతకంటే వేడిగా ఉంటాయి. అలాంటి నీళ్లు కండెన్సర్‌లో ఎన్ని పోయినా ఈథర్ చుక్కగా మారదు, ఆవిరిగానే బయటికొస్తుంది. ఆ ఆవిరి గాలికంటే రెండున్నర రెట్లు బరువు. బల్ల మీద పాకుతూ పోయి, అవతల చివర ఎవరో వెలిగించిన బర్నర్‌ను వెతుక్కుంటుంది. అందుకే ఈథర్ ఉన్న గదిలో ఏ మూలనా మంట ఉండకూడదు. ముందే వేడిచేసి తెచ్చిన నీళ్ల తొట్టి మీద కుప్పె పెట్టాలి, చుక్కలు పట్టే పాత్ర ఐసులో ఉండాలి.

నీళ్ల విషయంలో ఇంకొకటి. జనగామ పక్క కరువు చూసినవాడెవడూ కొళాయి తిప్పి వదిలేసి కండెన్సర్ నడపలేడు. నిమిషానికి లీటరు చొప్పున అనుకున్నా ఒక బల్లకు గంటకు 60 లీటర్లు. పది బల్లలుంటే లెక్కేసుకోండి. ఒక బకెట్టు, ఎయిర్ కూలర్లో వాడే చిన్న మోటారు, రెండు రబ్బరు ట్యూబులు ఉంటే అవే నీళ్లు తిరుగుతాయి. బకెట్టులో ఐసు వేస్తే ఎండాకాలం చిక్కు కూడా తీరుతుంది. ప్రతి కాలేజీలోనూ ఈ ఏర్పాటు ఉండాలని నా కోరిక. దీనికయ్యే ఖర్చు ఒక మంచి కండెన్సర్ ధర కూడా కాదు.

5. మన ఊళ్లో నీళ్లు 100 దగ్గర మరగవు.

జనగామ సముద్రమట్టానికి దాదాపు 380 మీటర్ల ఎత్తున ఉంది. ప్రతి 300 మీటర్లకు నీటి మరుగు స్థానం ఇంచుమించు ఒక డిగ్రీ తగ్గుతుంది. కాబట్టి సరైన థర్మామీటర్ ఇక్కడ 98.7 ప్రాంతంలో నిలబడాలి. పిల్లలు దాన్ని చూసి భయపడి రికార్డులో 100 అని రాసేస్తారు. అలా రాసినవాళ్లను నేను మందలించేవాణ్ణి, 98.5 అని ధైర్యంగా రాసినవాళ్లను మెచ్చుకునేవాణ్ణి. కొత్త థర్మామీటర్ రాగానే శుద్ధమైన నీళ్లను స్వేదనం చేసి ఎక్కడ నిలబడుతుందో చూసి, ఆ అంకెను దాని పెట్టె మీద రాసి పెట్టండి.

6. కాలమ్ పనంతా వెనక్కి పంపడంలోనే ఉంది.

అంశిక స్వేదనం అర్థం కావాలంటే ఇక్కడ కాసేపు కూర్చోవాలి. బెంజీన్, టొల్వీన్ సగం సగం అణువులున్న మిశ్రమం తీసుకోండి. మరిగినప్పుడు పైకి లేచే ఆవిరిలో బెంజీన్ నూటికి దాదాపు 71 పాళ్లు. ఆ ఆవిరి చల్లబడి చుక్కైతే చుక్కలోనూ 71 పాళ్లే. సాధారణ స్వేదనం ఇక్కడితో ఆగుతుంది. కాలమ్‌లో ఆ చుక్కకు కింది నుంచి వచ్చే వేడి ఆవిరి తగిలి, అది మళ్లీ మరుగుతుంది, ఇప్పుడు 86 పాళ్లు. మరొకసారి జరిగితే 94. ఇలా ఒక్కో విడతనూ ఒక సైద్ధాంతిక ఫలకం అంటాం. ముళ్లలాంటి నొక్కులుండే విగ్రూ కాలమ్ ఒక అడుగు పొడవున్నది ఇలాంటివి రెండో మూడో ఇస్తుంది. గాజు పూసలో, గాజు ముక్కలో నింపిన కాలమ్ ఇంకా ఎక్కువ ఇస్తుంది.

ఇదంతా జరగాలంటే పైనుంచి ద్రవం కిందికి కారుతూ ఉండాలి. దిగే ద్రవానికి, ఎక్కే ఆవిరికి మధ్య వేడి ఇచ్చిపుచ్చుకోవడం జరగాలి. మంట పెద్దదైతే ఆవిరి ఆ తీరిక లేకుండా పైకి దూసుకుపోతుంది, కాలమ్ ఉన్నా లేనట్టే. ఇంకా పెంచితే దిగే ద్రవాన్ని ఎక్కే ఆవిరి పైనే ఆపేస్తుంది, కాలమ్ ద్రవంతో మునిగిపోతుంది. అలా మునిగితే మంట తీసేసి, ద్రవమంతా కిందికి దిగేదాకా ఆగి, మళ్లీ మొదలుపెట్టడం తప్ప దారి లేదు.

నేను పిల్లలతో చేయించిన పద్ధతి ఇది. ఆవిరి తడి గీత కాలమ్‌లో పైకి పాకడం కళ్లకు కనిపిస్తుంది. అది పైదాకా చేరగానే మంట కొంచెం తగ్గించి, ఐదు పది నిమిషాలు ఏమీ పట్టకుండా కాలమ్‌ను తడవనివ్వాలి. తర్వాత రెండు మూడు సెకన్లకు ఒక చుక్క పడేలా మంట సర్దుకోవాలి. ఫ్యాన్ గాలి తగలకూడదు. కాలమ్ చుట్టూ దూది చుట్టి, దానిమీద వంటింటి అల్యూమినియం రేకు చుట్టాలి. ఒకప్పుడు ఆస్బెస్టాస్ తాడు చుట్టేవాళ్లం, దాని దుమ్ము ఊపిరితిత్తులకు చేసే కీడు తెలిశాక అది మానుకున్నాం. మంట దగ్గరగా ఉంటే దూది కూడా వద్దు, రేకు చాలు.

పూసలు దొరకకపోతే విరిగిన గాజుల ముక్కలు పనికొస్తాయి. రంగు పూత, మెరుపు లేని వట్టి గాజు గాజులే తీసుకోండి, పూత ద్రావణిలో కరిగి ఫలితాన్ని పాడుచేస్తుంది. గిన్నెలు తోమే స్టీలు పీచు ఇంకా బాగా పనిచేస్తుంది గానీ ఆమ్లపు ఆవిరి ఉన్నచోట దాన్ని వాడకండి.

బెంజీన్ రక్తక్యాన్సర్‌కు కారణమని తేలింది కాబట్టి పిల్లలతో దాన్ని చేయించకండి. అసిటోన్, నీళ్లు చాలు. అసిటోన్ 56 దగ్గర మరుగుతుంది. ఒకే మిశ్రమాన్ని ఒక బల్ల మీద కాలమ్ లేకుండా, పక్క బల్ల మీద కాలమ్‌తో చేయించి, పట్టిన మిల్లీలీటర్లకు ఎదురుగా ఉష్ణోగ్రత గీయించండి. మొదటి గీత 60 దాటి మొదలై ఏటవాలుగా ఎక్కుతూ పోతుంది. రెండోది 56 దగ్గర చాలాసేపు చదునుగా సాగి, నిటారుగా లేచి, 98 దగ్గర మళ్లీ చదునవుతుంది. ఈ రెండు గీతలూ పక్కపక్కన చూసిన పిల్లకు అంశిక స్వేదనం గురించి ఇక నేను చెప్పాల్సింది ఏమీ ఉండదు.

7. పిల్లలు ఇంటి దగ్గర చూసినదాన్ని కాదనకండి.

మానుకోట తండాల నుంచీ, భూపాలపల్లి అడవి ఊళ్ల నుంచీ వచ్చే పిల్లలకు స్వేదనం కొత్త సంగతి కాదు. కోయగూడేల్లో మార్చి, ఏప్రిల్ నెలల్లో రాలే ఇప్పపువ్వు ఏరి, ఎండబెట్టి, నానబెట్టి సారా తీయడం తరాలనాటిది. కింద కుండ, దానిమీద కుండ, లోపల చుక్క పట్టే గిన్నె, అన్నిటికీ పైన చల్లటి నీళ్ల పాత్ర. పై నీళ్లు వేడెక్కగానే మార్చాలని వాళ్లకు ఎవరూ పుస్తకంలో చెప్పలేదు. రసశాస్త్ర గ్రంథమైన రసరత్నసముచ్చయంలో రెండు కుండలను ఏటవాలు గొట్టంతో కలిపే తిర్యక్పాతన యంత్రం ఉంది. మన నేల మీద ఈ విద్య పాతదేనని పిల్లలకు చెప్పండి.

గుడుంబా సంగతి మాత్రం వేరు. నల్లబెల్లం, పటిక వేసి బట్టీల్లో కాసిన ఆ సరుకు మా ప్రాంతంలో ఎన్ని ఇళ్లను కూల్చిందో కళ్లారా చూసినవాణ్ణి. తెలంగాణ వచ్చాక బట్టీల మీద గట్టి దాడులు జరిగాయి. అది మంచి పనే. కెమిస్ట్రీ చెప్పేవాడి బాధ్యత అక్కడితో తీరదు. "మొదట వచ్చిన సారా పారబోస్తే విషం పోతుంది" అనే మాట ఊళ్లలో చాలామంది నమ్ముతారు. మిథనాల్ 64.7 దగ్గర, ఇథనాల్ 78 దగ్గర మరుగుతాయి కాబట్టి అది నిజమేననిపిస్తుంది. కానీ ఇది మొదటి పాఠంలో చెప్పినదే: 14 డిగ్రీల తేడాను కుండ విడదీయలేదు. నీళ్లు, ఇథనాల్ ఉన్నచోట మిథనాల్ మొదటి చుక్క నుంచి చివరి చుక్క దాకా అన్నిట్లోనూ పరుచుకుంటుంది. ప్రాణాలు తీసే కల్తీసారాల్లో మిథనాల్ ఎక్కువగా పరిశ్రమల నుంచి తెచ్చి కలిపిందే, బెల్లంలో పుట్టింది కాదు. పది మిల్లీలీటర్లకే చూపు పోవచ్చు. ఎవరికైనా కళ్లు మసకబారుతున్నాయంటే ఒక్క గంట కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపొమ్మని క్లాసులో గట్టిగా చెప్పండి. ఆ మాట ఇల్లు చేరుతుంది.

8. ఎంత పొడవు కాలమ్ పెట్టినా దాటని గీత ఒకటుంది.

బరువులో ఇథనాల్ నూటికి 95.6 పాళ్లున్నప్పుడు ఇథనాల్, నీళ్లు 78.2 డిగ్రీలకు కలిసే మరుగుతాయి. ఆ స్థితిలో ఆవిరి, ద్రవం రెండిట్లోనూ పాళ్లు ఒకటే, కాబట్టి కాలమ్ విడదీయడానికి ఏమీ మిగలదు. స్థిర క్వథన మిశ్రమం అంటే ఇదే. ల్యాబుకు వచ్చే రెక్టిఫైడ్ స్పిరిట్ ఈ గీత దగ్గరే ఆగి ఉంటుంది. థర్మామీటర్ కదలకుండా నిలబడింది కాబట్టి సీసాలో ఒకే పదార్థం ఉందనుకోవద్దు. మిగిలిన నీళ్లను తీయడానికి కాల్చిన సున్నం వేసి కొన్ని గంటలు రిఫ్లక్స్ చేసి, కాల్షియం క్లోరైడ్ గొట్టంతో గాలి తేమను ఆపుతూ స్వేదనం చేయాలి. ఇప్పుడు పెట్రోల్లో కలిపే ఇథనాల్‌కు ఫ్యాక్టరీల్లో మాలిక్యులర్ సీవ్స్ వాడుతున్నారు. వాటి రంధ్రాల్లోకి నీటి అణువు దూరుతుంది, ఇథనాల్ అణువు దూరదు.

9. భూపాలపల్లి పిల్లలతో బొగ్గు ముక్క తెప్పించండి.

తండ్రి సింగరేణి గనిలో పనిచేసే పిల్లవాడు కాకతీయ ఖని (కేటీకే) బొగ్గు ముక్క జేబులో వేసుకుని తెస్తాడు. గట్టి గాజు పరీక్షనాళికలో దాన్ని గాలి తగలకుండా కాలిస్తే అవతలి నాళికలో తారు, అమ్మోనియా వాసన వేసే నీళ్లు చేరతాయి, గొట్టం చివర వాయువు మండుతుంది. 1871లో విలియం కింగ్ ఇల్లందు దగ్గర కనుక్కున్న సింగరేణి బొగ్గు ఎక్కువగా కోకింగ్ రకం కాదు. కాబట్టి మిగిలేది గట్టి కోక్ కాదు, పెళుసు మసి బొగ్గు. ఆ మాట కూడా పిల్లలకు చెప్పాలి.

ఆ తారును వేడి మెట్ల వారీగా విడదీస్తే 170 డిగ్రీల దాకా తేలిక నూనె, 230 దాకా కార్బాలిక్ నూనె, 270 దాకా క్రియోసోట్, 360 దాకా ఆంత్రసీన్ నూనె, అడుగున పిచ్ వస్తాయి. సేంద్రియ రసాయన పరిశ్రమ పుట్టింది ఇక్కడే. దానికి దారి తీసిన చార్లెస్ మాన్స్‌ఫీల్డ్ తారులోంచి బెంజీన్‌ను అంశిక స్వేదనంతో తీసినవాడు. 1855లో లండన్‌లో పారిస్ ప్రదర్శన కోసం నమూనాలు తయారుచేస్తుండగా పాత్ర పొంగి అంటుకుంది. మండుతున్న పాత్రను వీధిలోకి మోసుకుపోబోయి, ఒళ్లు కాలి చనిపోయాడు. ఈ కథ చెప్పాక ఏ పిల్లవాడూ మండే ద్రవాన్ని వదిలేసి చాయ్‌కి పోడు.

10. కుప్పెను ఎండనివ్వకండి.

అడుగున కొంచెం ద్రవం ఉండగానే మంట తీయండి. నిల్వ ఉన్న ఈథర్‌లో, టీహెచ్‌ఎఫ్‌లో గాలి తగిలి పెరాక్సైడ్లు పుడతాయి. అవి ఆవిరి కావు, అడుగున చిక్కబడతాయి, ఎండితే పేలతాయి. స్వేదనానికి ముందే ఆమ్లం కలిపిన పొటాషియం అయొడైడ్ ద్రావణంతో పరీక్షించండి. పసుపు, గోధుమ రంగు వస్తే, ఈథర్‌నైతే ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణంతో కడిగి, మళ్లీ పరీక్షించాకే కుప్పెలో పోయాలి. మూత చుట్టూ స్ఫటికాలు కనబడే పాత సీసాను అసలు తిప్పనే వద్దు.

11. రికార్డులో అన్నీ రాయించండి.

మా పిల్లలు చాలామంది జనగామ, కాజీపేట నుంచి రైలెక్కి జీడిమెట్ల, పటాన్‌చెరు మందుల కంపెనీల్లో చేరుతున్నారు. అక్కడ వాడిన ద్రావణిని మళ్లీ శుద్ధి చేసే కాలమ్‌లు మేడంత ఎత్తుంటాయి. సూత్రం మాత్రం మన అడుగు పొడవు గొట్టంలో ఉన్నదే. అక్కడ ప్రతి బ్యాచ్‌కీ రాత ఉంటుంది, ఆ అలవాటు ఇక్కడే పడాలి. మొదటి చుక్క పడ్డ ఉష్ణోగ్రత, ప్రతి రెండు మిల్లీలీటర్లకు రీడింగ్, పాత్ర మార్చిన చోటు, ఎందుకు మార్చారో ఒక వాక్యం, కుప్పెలో మిగిలింది ఎంత. వీటితో పాటు ఆ రోజు గది వేడి, కండెన్సర్‌లోకి పోయే నీళ్ల వేడి కూడా రాయించండి.